చేతికి అందని మూత్రపిండం: గ్లోమెరులర్ వ్యాధుల్లో శరీర పరీక్ష ఏం చెబుతుంది

కాలేయం పెరిగితే కుడి పక్కటెముకల కింద చేతికి తగులుతుంది. గుండె కవాటం పాడైతే స్టెతస్కోపులో చప్పుడు మారుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే వేలితో తట్టినప్పుడు మొద్దు శబ్దం వస్తుంది. మూత్రపిండంలోని గ్లోమెరులస్‌కు జబ్బు చేసినప్పుడు మాత్రం వైద్యుడికి ఇలాంటి నేరుదారి ఏదీ లేదు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే ఉండే, రక్తాన్ని వడకట్టే ఈ కేశనాళికల ఉండలు ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షలు ఉంటాయి. ఆ మూత్రపిండాలు వీపు కండరాలకు ఆనుకుని, కడుపు వెనుక భాగంలో, పేగుల చాటున దాగి ఉంటాయి. గ్లోమెరులస్ దెబ్బతిన్నప్పుడు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, మూత్రపిండం చేతికి తగిలేంతగా పెరగదు. నిజానికి కడుపు మీద చెయ్యి వేసినప్పుడు మూత్రపిండం స్పష్టంగా తగిలిందంటే, తిత్తుల జబ్బో, మూత్రం దారి మూసుకుపోవడమో, కణితో అయి ఉంటుందన్న ఆలోచనే ముందుగా రావాలి.

కాబట్టి గ్లోమెరులర్ వ్యాధి ఉన్నవారి శరీరంలో దొరికే గుర్తులన్నీ పరోక్ష సాక్ష్యాలే. అవి రెండు తెగలవి. వడపోత చెడిపోవడం వల్ల పుట్టినవి మొదటి తెగ: ఒంటికి నీరు పట్టడం, రక్తపోటు పెరగడం, గోళ్ల మీద తెల్లచారలు, కనురెప్పల మీద కొవ్వు మచ్చలు. వడపోతను చెడగొట్టిన అసలు జబ్బు శరీరంలో ఇతర చోట్ల వదిలి వెళ్లిన ఆనవాళ్లు రెండో తెగ: చర్మం మీద ఊదారంగు పొక్కులు, కూలిన ముక్కు, మందగించిన వినికిడి, పెద్దదైన నాలుక. వడపోత ఏ తీరున, ఎంతగా చెడిందో మొదటి తెగ చెబుతుంది. ఎందుకు చెడిందో రెండో తెగ చెబుతుంది. పాఠ్యగ్రంథాల్లో ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపి రాయడం వల్లనే ఈ విషయం చిక్కుముడిలా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఒంట్లో నీరు పట్టడమే ఒక జబ్బుగా చలామణీ అయిన రోజుల్లో, లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ప్రచురించిన తన పరిశీలనల్లో మూడు విషయాలను ఒక తాటికి కట్టాడు. బతికి ఉన్నప్పుడు ఒళ్లు ఉబ్బిన రోగులు, వేడి చేస్తే గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టే వారి మూత్రం, మరణానంతరం కోసి చూస్తే రూపు చెడి కనిపించిన వారి మూత్రపిండాలు. ఒక చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద పట్టడం ఆనాటి ప్రయోగశాల. ఇలాంటి రోగుల్లో గుండె ఎడమ గది గోడ మందంగా మారడాన్నీ ఆయన గమనించాడు. రక్తపోటు కొలిచే పరికరం అప్పటికి పుట్టనే లేదు. చాలాకాలం ఈ వ్యాధులన్నింటినీ కలిపి బ్రైట్ వ్యాధి అనే పిలిచారు.

వడపోత రెండు తీరుల్లో చెడుతుంది

గ్లోమెరులస్ గోడకు మూడు పొరలు ఉంటాయి. లోపల సన్నని రంధ్రాలున్న రక్తనాళ కణాలు, మధ్యలో ఆధారపొర, బయట వేళ్లలాంటి పాదాలతో పెనవేసుకున్న పోడోసైట్ కణాలు. ఆరోగ్యవంతుల్లో ఈ గోడ గుండా నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 180 లీటర్ల దాకా ద్రవం వడకడుతుంది. అందులో దాదాపు అంతా మళ్లీ రక్తంలోకే చేరుతుంది. ఇంత ద్రవం కదిలినా రోజు మొత్తం మూత్రంలో పోయే ప్రోటీన్ 150 మిల్లీగ్రాములకు మించదు.

తెలుగులో ఇక్కడొక చిన్న ఇబ్బంది ఉంది. కణజాలంలో నీరు చేరి ఉబ్బడాన్నీ, రోగనిరోధక కణాలు వచ్చి పడి ఒక అవయవం మండిపోవడాన్నీ మనం వాపు అనే ఒకే మాటతో చెబుతాం. గ్లోమెరులర్ వ్యాధుల్లో ఈ రెంటినీ విడదీయకపోతే ఏదీ అర్థం కాదు కనుక, మొదటిదాన్ని నీటివాపు అనీ, రెండోదాన్ని ఇన్‌ఫ్లమేషన్ అనీ అంటాను.

పోడోసైట్ పాదాలు దెబ్బతిని గోడ కారడం మొదలుపెడితే, రక్తంలోని ప్రధాన ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రోటీన్ పోయి, రక్తంలో ఆల్బుమిన్ తగ్గి, నీటివాపు వచ్చి, కొవ్వులు పెరిగితే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. గ్లోమెరులస్ లోపల ఇన్‌ఫ్లమేషన్ రగిలితే కథ వేరు. కేశనాళికలు చిట్లి ఎర్ర రక్తకణాలు మూత్రంలోకి పడతాయి, ఉబ్బిన కణాలతో నాళాలు మూసుకుపోయి వడపోత తగ్గుతుంది, ఉప్పూ నీరూ ఒంట్లోనే ఉండిపోయి రక్తపోటు పెరుగుతుంది. ఇది నెఫ్రైటిక్ సిండ్రోమ్. రోగులు పుస్తకాలు చదివి జబ్బు పడరు కాబట్టి ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కూడా కనిపిస్తాయి. అయినా పరీక్ష మొదలుపెట్టేటప్పుడు ఈ విభజన దిక్సూచిలా పనికివస్తుంది.

నీటివాపు: ఒకే ఉబ్బు, రెండు వ్యతిరేక కథలు

గ్లోమెరులర్ వ్యాధిలో నీటివాపు తరచుగా కళ్ల దగ్గర మొదలవుతుంది. కంటి చుట్టూ ఉండే చర్మం పలచన, దాని కింది కణజాలం వదులు, కాబట్టి కొద్ది నీరు చేరినా అక్కడ బయటపడుతుంది. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల నీరు ముఖం వైపు సర్దుకుంటుంది. పొద్దున లేవగానే కనురెప్పలు బరువెక్కి, కళ్లు సగం మూసుకుపోయినట్టు ఉంటాయి. మధ్యాహ్నానికి ముఖం తేలికపడుతుంది. సాయంత్రానికి అదే నీరు పాదాలకు, చీలమండలకు దిగి, మేజోళ్ల అంచు చర్మంలో గాడిలా పడుతుంది. చిన్నపిల్లల్లో పొద్దుటి కంటి ఉబ్బును అలర్జీ అనుకుని రోజుల తరబడి కంటి చుక్కలు వేయడం అరుదేమీ కాదు. అలర్జీ అయితే దురద ఉంటుంది, కళ్లు ఎర్రబడతాయి. గ్లోమెరులర్ వ్యాధిలో కళ్లు తెల్లగా, ప్రశాంతంగానే ఉండి రెప్పలు మాత్రం ఉబ్బుతాయి. అనుమానం తీరడానికి ఒక్క మూత్ర పరీక్ష చాలు.

నీటివాపును పరీక్షించడానికి బొటనవేలితో మోకాలి కింద ముందువైపు ఎముక మీద కొన్ని సెకన్లపాటు గట్టిగా నొక్కి పట్టి వదలాలి. మెత్తటి పిక్క మీద నొక్కితే చిన్న సొట్ట తెలియకపోవచ్చు, ఎముక మీద తెలుస్తుంది. మంచం మీదే ఉండే రోగికి కాళ్లలో ఏమీ లేకపోవచ్చు, ఎందుకంటే నీరు పల్లం వెతుక్కుంటుంది. అలాంటివారిని పక్కకు తిప్పి నడుము కింది భాగం నొక్కి చూడాలి. మగవారిలో వృషణాల సంచి, ఆడవారిలో జననాంగం విపరీతంగా ఉబ్బవచ్చు. సిగ్గుతో రోగి చెప్పరు, మొహమాటంతో వైద్యుడు అడగడు, ఆ చర్మం పగిలి ఇన్‌ఫెక్షన్ వచ్చిన తర్వాతే సంగతి బయటపడుతుంది. పెద్దవారిలో సొట్ట స్పష్టంగా కనబడేసరికే రెండు మూడు లీటర్ల అదనపు నీరు ఒంట్లో చేరి ఉంటుంది. అందుకే నీటివాపును కంటితో అంచనా కట్టడం కంటే రోజూ ఒకే వేళకు, ఒకే రకం బట్టలతో బరువు చూసి రాసుకోవడం నమ్మదగిన పద్ధతి.

సొట్ట పడిందా లేదా అన్నదే కాదు, ఎంతసేపటికి నిండిందన్నదీ ఒక సమాచారమే. ఆల్బుమిన్ తగ్గడం వల్ల వచ్చిన కొత్త నీటివాపులో ద్రవం పలచగా ఉంటుంది కాబట్టి సొట్ట త్వరగా, సాధారణంగా 40 సెకన్లలోపే నిండుతుంది. సిరల్లో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చినదైతే అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. నొక్కినా సొట్టే పడకపోతే థైరాయిడ్ లోపం, లింఫ్ నాళాల అడ్డు లాంటి వేరే కారణాలు వెతకాలి.

ఇక అసలు చిక్కు. నెఫ్రోటిక్ రోగికీ, నెఫ్రైటిక్ రోగికీ ముఖం ఒకేలా ఉబ్బుతుంది, కానీ లోపలి కథలు వేరు. నెఫ్రైటిక్ రోగిలో మూత్రపిండం ఉప్పును బయటికి పంపలేకపోతోంది, కాబట్టి రక్తనాళాలు నిండి పొంగుతున్నాయి. నెఫ్రోటిక్ రోగిలో ఆల్బుమిన్ తగ్గడంతో నీటిని నాళాల్లో పట్టి ఉంచే శక్తి పోయి, నీరు బయటి కణజాలంలోకి కారుతోంది, కాబట్టి నాళాలు ఖాళీ అవుతున్నాయని చాలాకాలం భావించారు. ఇది కొందరిలో, ముఖ్యంగా ఆల్బుమిన్ హఠాత్తుగా పడిపోయిన పిల్లల్లో, నిజమే. అయితే చాలామంది పెద్దవారిలో నాళాలు ఖాళీగా ఉండవు. కారిన ప్రోటీన్లతో పాటు మూత్రనాళికలోకి వచ్చిన ప్లాస్మిన్ లాంటి ఎంజైములు అక్కడి సోడియం ద్వారాలను తెరిచి, ఉప్పును అతిగా వెనక్కి లాగేలా చేస్తాయి. అంటే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లోనూ ఉప్పు నిలవడమే ప్రధాన కారణం కావచ్చు.

రోగి ముందు కూర్చున్న వైద్యుడికి ఈ సిద్ధాంత చర్చ ఎందుకంటే, మూత్రం ఎక్కువగా పోయించే మందు ఎంత ఇవ్వాలో తేల్చేది ఇదే. తేల్చుకోవడానికి సాధనాలు మూడు: మెడ సిర, నాడి, చేతుల వెచ్చదనం. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి మెడ కుడి వైపు చూసినప్పుడు, సిర కదలిక ఛాతీ ఎముక మీది ఉబ్బెత్తు గణుపు నుంచి 3, 4 సెంటీమీటర్లకు మించి పైకి కనిపిస్తే నాళాలు నిండి ఉన్నాయని అర్థం. ఒళ్లంతా ఉబ్బి ఉన్నా మెడ సిర కనబడకుండా, నాడి వేగంగా, చేతులు చల్లగా, గోటిని నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా వస్తూ, కడుపునొప్పి అంటున్న పిల్లవాడికి నాళాలు ఖాళీగా ఉన్నాయి. అలాంటి పిల్లవాడికి ఒంటి ఉబ్బు చూసి మూత్రం పోయించే మందు దండిగా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఉబ్బిన దేహంలో దాహంతో ఉన్న రక్తనాళాలు ఉండవచ్చునన్న ఈ వైరుధ్యం ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థినీ ఒక్కసారైనా తికమకపెడుతుంది.

గుండె, కాలేయ వ్యాధుల నీటివాపు నుంచి దీన్ని వేరు చేయడానికీ మెడ సిరే తోడు వస్తుంది. గుండె వైఫల్యంలో మెడ సిర పొంగి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కనురెప్పలు ఉబ్బడం అరుదు. కాలేయం గట్టిపడిన రోగికి ముందు కడుపు ఉబ్బుతుంది, చర్మం మీద సాలీడు ఆకారపు రక్తనాళాలు, అరచేతుల ఎరుపు, కామెర్లు తోడవుతాయి. నెఫ్రోటిక్ రోగి ముఖమూ కాళ్లూ కడుపూ ఉబ్బి ఉన్నా, ఛాతీలో ఎక్కువ నీరు చేరనంతవరకూ, తరచుగా హాయిగా వెల్లకిలా పడుకోగలడు.

నీటివాపులో కొన్ని గుర్తులు అత్యవసరాన్ని సూచిస్తాయి. రెండు కాళ్లూ ఉబ్బి ఉన్నప్పుడు ఒకటి మాత్రం మరింత లావై, నొప్పి పెడితే లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. రక్తం గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్లు కూడా మూత్రంలో పోతాయి కనుక నెఫ్రోటిక్ రోగుల్లో, అందులోనూ ఆధారపొర మందమయ్యే మెంబ్రేనస్ రకంలో, ఈ ప్రమాదం ఎక్కువ. నడుము పక్కన ఒక్కసారిగా నొప్పి వచ్చి మూత్రం ఎర్రబడితే మూత్రపిండ సిరలోనే గడ్డ ఉండవచ్చు. కడుపులో నీరున్న రోగికి జ్వరం, కడుపు మీద చెయ్యి వేయనివ్వనంత నొప్పి ఉంటే ఆ నీటిలో సూక్ష్మజీవులు చేరాయని అనుమానించాలి. రోగనిరోధక ప్రోటీన్లూ కారిపోతున్న శరీరం అది.

రక్తపోటు, గోళ్లు, కొవ్వు మచ్చలు

రక్తపోటు కొలవడం అందరికీ తెలిసిన పనే కనుక దాన్ని తేలికగా తీసుకుంటారు. అయిదు నిమిషాల విశ్రాంతి లేకుండా, సగం చేతికి కూడా చుట్టురాని పట్టీతో కొలిచిన అంకె మీద నిర్ణయాలు ఆధారపడటం విచారకరం. పట్టీలోని గాలిసంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం కప్పాలి. నీటివాపుతో చెయ్యి లావైన రోగికి నిన్నటి పట్టీ ఇవాళ సరిపోకపోవచ్చు. పిల్లల్లో అయితే వయసుకూ ఎత్తుకూ తగిన ప్రమాణంతో పోల్చాలి. పెద్దవారికి మామూలైన 120 అంకె నాలుగేళ్ల పిల్లవాడికి ఎక్కువే. పిల్లల నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ఎక్కువగా కనిపించే మినిమల్ ఛేంజ్ వ్యాధిలో రక్తపోటు సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అది బాగా పెరిగి, మూత్రం రంగు కూడా మారితే వేరే రకం ఉందేమోనని ఆలోచించాలి. నెఫ్రైటిక్ పిల్లవాడికి తలనొప్పి, వాంతులు, చూపు మసక, మూర్ఛ కనిపిస్తే రక్తపోటు మెదడును దెబ్బతీస్తోందని అర్థం.

రక్తపోటు కొత్తదా పాతదా అన్నది మరో ప్రశ్న. ఛాతీ మీద చెయ్యి పెట్టినప్పుడు గుండె కొన బలంగా, నిలకడగా అరచేతిని ఎత్తుతుంటే, కంటి వెనుక పొరలో నాళాలు సన్నబడి ఉంటే అది ఏళ్ల నాటిది. కంటి వెనుక పరీక్ష మధుమేహుల్లో మరో రకంగానూ పనికివస్తుంది. మొదటి రకం మధుమేహంలో మూత్రపిండం దెబ్బతినేసరికి కంటిపొర కూడా దాదాపుగా దెబ్బతిని ఉంటుంది. కాబట్టి అలాంటి రోగి మూత్రంలో ప్రోటీన్ పోతున్నా కంటిపొర శుభ్రంగా ఉంటే, నేరం మధుమేహానిది కాకపోవచ్చు. రెండో రకం మధుమేహంలో ఈ జత అంత గట్టిది కాదు, కంటిలో ఏమీ లేకుండానే మూత్రపిండం చెడినవారు చాలామంది ఉంటారు.

గోళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగడం లాభదాయకం. రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు సుమారు 2.2 గ్రాముల కంటే తగ్గి కొంతకాలం ఉంటే, గోటికి అడ్డంగా రెండు తెల్లచారలు జంటగా కనిపించవచ్చు. వీటిని 1956లో వర్ణించిన వైద్యుడి పేరుతో మ్యూర్కే చారలు అంటారు. ఇవి గోటిలో ఉండవు, గోటి కింది చర్మంలో ఉంటాయి. అందుకే గోరు పెరిగినా ముందుకు జరగవు, గోటిని నొక్కితే మాయమవుతాయి, ఆల్బుమిన్ పెరిగాక తొలగిపోతాయి. ఆర్సెనిక్ లాంటి విషాల వల్లనో, తీవ్రమైన జబ్బు వల్లనో వచ్చే చారలు గోటిలోనే ఉంటాయి కాబట్టి గోటితో పాటు ముందుకు జరుగుతాయి. మూత్రపిండాల వైఫల్యం పాతబడినప్పుడు గోరు వేలి వైపు సగం తెల్లగా, కొన వైపు సగం గోధుమరంగులో కనిపించడం మరొక సంగతి. ఆల్బుమిన్ తగ్గినప్పుడు కాలేయం రక్తంలో కొవ్వును మోసే లైపోప్రోటీన్లను ఎక్కువగా తయారు చేస్తుంది, అందుకే నెఫ్రోటిక్ సిండ్రోమ్ దీర్ఘకాలం ఉన్నవారికి కనురెప్పల లోపలి మూలల్లో పసుపురంగు కొవ్వు మచ్చలు తేలుతాయి.

వడపోత బాగా తగ్గిపోయిన చివరి దశ గుర్తులు వేరే వ్యాసానికి సరిపడా ఉన్నాయి. పాలిపోయిన కళ్లు, దురదతో గోకిన గీతలు, లోతైన శ్వాస, చేతులు చాపితే రెపరెపలాడే మణికట్లు, గుండెపొర రాపిడి శబ్దం. చివరి రెండూ కనిపిస్తే డయాలిసిస్‌కు ఆలస్యం చేయకూడదు.

అసలు నేరస్థుడి అడుగుజాడలు

ఇప్పుడు రెండో తెగ. ఇక్కడ పరీక్షకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మూత్రం కోలా రంగులోకి మారడానికి ముందు గొంతునొప్పి వచ్చిందా, వస్తే ఎన్ని రోజుల ముందు? స్ట్రెప్టోకోకస్ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్‌కు, అంటే గ్లోమెరులస్ ఇన్‌ఫ్లమేషన్‌కు, ఒకటి నుంచి మూడు వారాల విరామం ఉంటుంది. చర్మం మీది పుండ్ల తర్వాతైతే మూడు నుంచి ఆరు వారాలు. గొంతునొప్పి ఉండగానే, ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం రంగు మారితే 1968లో ఫ్రెంచి వైద్యుడు జాన్ బెర్జే వర్ణించిన, ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులస్‌లో పేరుకునే ఐజీఏ నెఫ్రోపతీ గుర్తుకు రావాలి. ఈ విరామం తెలిశాక పరీక్షకు ఒక గురి ఏర్పడుతుంది. కాళ్ల మీద మానిన పుండ్ల మచ్చలను ఎవరూ చూపించరు, వెతికి చూడాలి.

అన్ని గుర్తుల్లోకీ విలువైనది చర్మం మీద చేతికి తగిలే పర్ప్యూరా. ఊదా ఎరుపు రంగులో, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండే ఈ మచ్చలను గాజుపలకతో నొక్కినా రంగు పోదు, ఎందుకంటే రక్తం నాళం బయటికి కారిపోయింది. చర్మంలోని సన్నని నాళాలకు ఇన్‌ఫ్లమేషన్ వచ్చిందనీ, అదే పని గ్లోమెరులస్‌లోనూ జరుగుతూ ఉండవచ్చనీ దాని అర్థం. పిల్లవాడికి పిరుదుల మీదా కాళ్ల మీదా ఇలాంటి మచ్చలు, కీళ్లనొప్పి, కడుపునొప్పి కలిసి వస్తే అది ఐజీఏ వాస్కులైటిస్, అంటే ఐజీఏ వల్ల వచ్చే రక్తనాళాల ఇన్‌ఫ్లమేషన్. ప్లేట్‌లెట్లు తగ్గవు, మచ్చలు మాత్రం వస్తాయి. మూత్రపిండం వెంటనే కాక కొన్ని వారాలకు కూడా దెబ్బతినవచ్చు, కాబట్టి మచ్చలు మానాయని సంతోషించి వదిలేయకుండా ఆరు నెలలపాటు మూత్రం పరీక్షిస్తూ ఉండాలి. పెద్దవారిలో ఇవే మచ్చలు హెపటైటిస్ సి తో వచ్చే క్రయోగ్లోబ్యులిన్లు అనే, చల్లదనానికి గడ్డకట్టే ప్రోటీన్ల వల్ల గానీ, సొంత తెల్ల రక్తకణాలకు వ్యతిరేకంగా పుట్టే యాంకా యాంటీబాడీలతో ముడిపడిన వాస్కులైటిస్ వల్ల గానీ, గుండె కవాటం మీది ఇన్‌ఫెక్షన్ వల్ల గానీ రావచ్చు. చివరిదాన్ని మరవడం ప్రమాదం. జ్వరం, గుండెలో కొత్త మర్మరం (అదనపు చప్పుడు), గోళ్ల కింద పుల్లముక్కల్లాంటి రక్తపు గీతలు, పెరిగిన ప్లీహం ఉన్న రోగికి అసలు జబ్బు ఇన్‌ఫెక్షన్. అతనికి రోగనిరోధక శక్తిని అణచే మందులు ఇస్తే మంటకు నూనె పోసినట్టే.

యాంకా వాస్కులైటిస్ ముక్కు చుట్టూ తిరుగుతుంది. మానని జలుబు, ముక్కులో రక్తపు పక్కులు, మృదులాస్థి కరిగి నడుమ కూలిన ముక్కు, కంటి తెల్లగుడ్డు ఎర్రబడి లోతైన నొప్పి, నరం దెబ్బతిని ఒక్కసారిగా పైకి ఎత్తలేకుండా వాలిపోయిన పాదం. ఇవి నెలల తరబడి వేర్వేరు వైద్యుల దగ్గర వేర్వేరు జబ్బులుగా నమోదై ఉంటాయి. వీటికి మూత్రంలో రక్తం తోడైందంటే మూత్రపిండం కొద్ది వారాల్లోనే పూర్తిగా పోయే ప్రమాదం ఉంది. దగ్గులో రక్తం పడితే సరే, పడకపోయినా ఆయాసం, పాలిపోవడం కలిసి ఉంటే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు.

ఊపిరితిత్తి, మూత్రపిండం ఒకేసారి రక్తస్రావానికి లోనయ్యే మరో వ్యాధి 1919లో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ వర్ణించినది. ఈ రెండు అవయవాల ఆధారపొరల్లో ఒకే రకం కొలాజెన్, అంటే నాలుగో రకం కొలాజెన్, ఉంటుంది. దాని మీద శరీరం యాంటీబాడీలు తయారు చేసుకుంటే రెండూ దెబ్బతింటాయి. ఇదే కొలాజెన్ పుట్టుకతోనే లోపభూయిష్టంగా ఉంటే ఆల్పోర్ట్ సిండ్రోమ్ వస్తుంది. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ ఒకే కుటుంబంలో మూత్రపిండ వ్యాధినీ చెవుడునూ జతకట్టి చూపించాడు. లోపలి చెవిలోనూ, కంటి కటకం పొరలోనూ ఉండేది ఈ కొలాజెన్ కుటుంబమే. అందుకే మూత్రంలో రక్తం పోయే యువకుడి వినికిడిని పరీక్షించడం, కటకం ముందుకు శంఖువులా పొడుచుకొచ్చిందేమో చూడటం గ్లోమెరులస్‌ను పరీక్షించడంతో సమానం. ఒకే పదార్థం ఒకచోట దాడికి గురై, మరోచోట తయారీలోనే చెడి, రెండు భిన్నమైన వ్యాధులను పుట్టించిన ఈ సందర్భం నాకెప్పుడూ ఆసక్తికరంగానే ఉంటుంది.

రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్‌లో బుగ్గల మీది ఎరుపు ముక్కు పక్కల మడతలను వదిలేస్తుంది, నోటి అంగిట్లోని పుండు నొప్పి పెట్టదు కాబట్టి రోగికే తెలియకపోవచ్చు, జుట్టు ఊడుతుంది, కీళ్లు నొప్పి పెడతాయి కానీ ఎముక అరగదు. అసాధారణ ప్రోటీన్ అవయవాల్లో పేరుకునే అమిలాయిడోసిస్‌లో నాలుక పెద్దదై అంచుల మీద పళ్ల గుర్తులు పడతాయి, కళ్ల చుట్టూ కొద్ది ఒత్తిడికే కమిలి నల్లబడుతుంది, నిలబడగానే రక్తపోటు పడిపోతుంది. ఏళ్లుగా రక్తపోటు మాత్రలు వాడుతున్న మనిషికి అవి ఉన్నట్టుండి అవసరం లేకుండా పోతే అది శుభవార్త కాకపోవచ్చు. మోకాలి చిప్పలు లేకపోవడం, గోళ్లు సరిగ్గా పెరగకపోవడం ఒక జన్యువ్యాధి, ముఖంలో కొవ్వు కరిగి బుగ్గలు లోతుకుపోవడం రోగనిరోధక శక్తిలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్ల వ్యవస్థతో ముడిపడిన మరో వ్యాధి. అరుదైనవి, కానీ చూడగానే పట్టుబడేవి. వయసు మళ్లినవారికి మెంబ్రేనస్ వ్యాధి వస్తే రొమ్ములో, లింఫ్ గ్రంథుల్లో, కడుపులో గడ్డల కోసం చెయ్యి వేసి చూడాలి, ఎందుకంటే కొందరిలో దాని వెనుక క్యాన్సర్ ఉంటుంది.

మూత్రం: పరీక్షలో చివరి భాగం, నిజానికి మొదటిది

శరీర పరీక్షలో మూత్రాన్ని కూడా చేర్చాలని పాత వైద్యులు పట్టుబట్టేవారు. మొదట కంటితో చూడాలి. నీళ్లు పోసినా పోని నురగ ప్రోటీన్‌ను సూచిస్తుంది. గ్లోమెరులస్ నుంచి వచ్చిన రక్తం గోధుమరంగులో, ధార మొదలు నుంచి చివరి దాకా ఒకేలా, గడ్డలు లేకుండా ఉంటుంది. గడ్డలుంటే రక్తం కింది మార్గం నుంచి వస్తోందని ఊహించవచ్చు. పరీక్ష పట్టీ ప్రధానంగా ఆల్బుమిన్‌ను చూపుతుంది, ఎముక మజ్జ క్యాన్సర్ అయిన మైలోమాలో పోయే తేలికపాటి ప్రోటీన్లను పట్టదు. సూక్ష్మదర్శిని కింద ఆకారం చెడి, చెవుల్లాంటి బుడిపెలు తేలిన ఎర్ర రక్తకణాలు, ఎర్రకణాలు పేర్చినట్టుండే స్తూపాలు కనిపిస్తే రక్తం గ్లోమెరులస్ నుంచే వచ్చిందని దాదాపు రూఢి అవుతుంది.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. గ్లోమెరులర్ వ్యాధి ఉన్న ఎంతోమందిలో శరీర పరీక్షలో ఏమీ దొరకదు. ఉబ్బు లేదు, రక్తపోటు లేదు, మచ్చలు లేవు. ఉద్యోగం కోసమో, బీమా కోసమో చేయించుకున్న మూత్ర పరీక్షలో యాదృచ్ఛికంగా ప్రోటీనో రక్తమో కనిపిస్తుంది. అలాంటప్పుడు ఏమీ దొరకకపోవడం జబ్బు లేదనడానికి రుజువు కాదు. శరీరం అంతటినీ పట్టే జబ్బు ఉండే అవకాశం తక్కువన్న అంచనాకు మాత్రమే అది తోడ్పడుతుంది.

చికిత్స మొదలయ్యాక పరీక్షకు మరో చిక్కు ఎదురవుతుంది. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు స్టెరాయిడ్ ఇచ్చిన నాలుగు వారాలకు పిల్లవాణ్ని మళ్లీ తీసుకొచ్చిన తల్లిదండ్రులు ముఖం ఇంకా ఉబ్బే ఉందని ఆందోళన పడతారు. అది పాత ఉబ్బా, కొత్తదా? స్టెరాయిడ్ వల్ల గుండ్రబడిన ముఖంలో పెరిగినది బుగ్గల కొవ్వు. కనురెప్పలు ఉబ్బవు, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉండదు, కాలి ఎముక మీద నొక్కితే సొట్ట పడదు, నెల కిందట కనిపించిన గోటి చారలు మాయమై ఉంటాయి. నీటివాపు తిరగబెట్టి ఉంటే పొద్దున రెప్పలు బరువెక్కుతాయి, కొద్దిరోజుల్లోనే బరువు పెరుగుతుంది, పరీక్ష పట్టీ మీద ప్రోటీన్ గడి మళ్లీ ఆకుపచ్చగా మారుతుంది. మొదటిదానికి మందు నెమ్మదిగా తగ్గించాలి, రెండోదానికి చికిత్స మళ్లీ మొదలుపెట్టాలి.